ఆకు తినని వెలుగు

దీపాలాయన ఇరవై రెండేళ్లుగా చేస్తున్నది ఒకటే పని, ఎండ రాని చోట మొక్కలకి ఎండ తయారుచేయడం. అంతరిక్షంలో నెలల తరబడి ఉండేవాళ్లకి పచ్చి ఆకు తినాలని ప్రాణం లాగుతుందనీ, ఆ ఆకు అక్కడే పండాలనీ, పండాలంటే వెలుగు కావాలనీ ఎవరో పెద్దలు ఎప్పుడో తేల్చారు. వాళ్లు తేల్చిన మాట మెట్లు దిగి దిగి, పరిశోధనా కేంద్రం మూడో అంతస్తులో కిటికీల్లేని ఒక గదికి చేరింది. ఆ గదిలో దీపాలాయన కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, గింజలంతేసి ఎర్ర ఎల్ఈడీలని పలక మీద వరసగా అతికిస్తూ కూర్చునేవాడు. ఆయనకి అసలు పేరు ఒకటుంది కానీ అది హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. విసుగొచ్చినప్పుడు వాళ్లక్క కూడా "ఏమయ్యోయ్ దీపాలాయనా" అనే పిలిచేది.

ఆకుకి ఎరుపంటే ఇష్టం. కాస్త నీలం కూడా పుచ్చుకుంటుంది. మిగతావి ఎంత కుమ్మరించినా పెద్దగా ముట్టదు. అందుకని ఆ గదిలో ఒక మీటరుండేది. అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా, దాని నెత్తిన తెల్ల బొత్తాం లాంటి కన్ను. ఆకు తినగలిగే వెలుగుని మాత్రమే అది కొలుస్తుంది. ఆకు తినని వెలుగు దాని లెక్కలో చీకటే. అందరూ దాన్ని ఆకు మీటరనేవాళ్లు. దీపాలాయన దాన్ని జేబులో వేసుకుని భోజనానికి కూడా వెళ్లేవాడు. క్యాంటీన్లో ట్యూబులైటు కింద దాన్ని పెట్టి చూసి, "ఈ వెలుగులో మనమేం పెరుగుతాం లెండి" అని పెదవి విరిచేవాడు. ఇదో జబ్బు. ప్రతి పనిలోనూ ఇలాంటి జబ్బొకటి ఉంటుంది, చాలావరకు ఎవరికీ హాని చేయదు.

మొక్కల ట్రేలు రేకువి. వాటి అంచులు తగిలి అందరి చేతులూ గీరుకుపోయేవి. ఆ విభాగానికి అప్పట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. మనిషి పరమ చాదస్తుడు, కళ్లు మాత్రం డేగ కళ్లు. ఒకరోజు ఆయన అందరినీ చేతులు చాపమన్నాడు. రోజంతా దీపాల కింద చేతులు పెట్టి పనిచేసేవాళ్ల గీతలు మూడు రోజుల్లో మానిపోతున్నాయి. అవే ట్రేలు మోసే స్టోరు మనిషి గీతలు వారమైనా పచ్చిగానే ఉంటున్నాయి. అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వకుండా నోటుబుక్కు తీశాడు. నోటుబుక్కు నుంచి ఎలుకలకీ, ఎలుకల నుంచి ఒక ఆసుపత్రికీ వ్యవహారం పాకడానికి ఆరేళ్లు పట్టింది. ఈలోగా పెద్దాయన రిటైరై వెళ్లిపోయాడు. దీపాలూ, దీపాలాయనా మిగిలారు.

ఆ ఆసుపత్రిలో ఎముక మూలుగ మార్పిడి వార్డుంది. రక్తం పుట్టే చోటే చెడిపోయినవాళ్లని అక్కడ చేర్చుకుంటారు. ముందు ఘాటైన మందు ఎక్కించి ఉన్న మూలుగని తుడిచిపెడతారు, ఆ తర్వాత కొత్త కణాలు ఎక్కిస్తారు. ఆ మందుకి తన పర తేడా లేదు. వారం తిరిగేసరికి రోగి నోరంతా పుండ్లు పడతాయి. చెంపల లోపల, నాలుక కింద, గొంతు దాకా. గుటక పడదు. తమ ఉమ్మి తామే మింగలేక గిన్నెలో వదులుతూ కూర్చుంటారు. చెంపల మీదా గొంతు మీదా బయటినుంచి రోజూ కాసేపు ఎర్ర వెలుగు వేస్తే ఈ బాధ తప్పుతుందా అన్నది ఆ వార్డు డాక్టరమ్మకి వచ్చిన ప్రశ్న.

డాక్టరమ్మకి నలభై దాటలేదు. మాట తూకం వేసి ఇస్తుంది. మొదటిరోజే దీపాలాయనని కూర్చోబెట్టి చెప్పింది.

"నాకు రెండు రకాల దీపాలు కావాలండీ. ఒకటి నిజంది, రెండోది ఉత్తుత్తిది. సగం మందికి నిజంది పెడతాం, సగం మందికి ఉత్తుత్తిది. ఎవరికేది పడిందో పేషెంట్లకి తెలీకూడదు, నర్సులకి తెలీకూడదు, నాక్కూడా తెలీకూడదు."

"మరి ఎవరికి తెలియాలి?"

"మీకొక్కరికే. చేసేది మీరే కదా. ఏ నంబరు ఏదో రాసి, కవర్లో పెట్టి సీలేసి ఇవ్వండి. అంతా అయ్యాక విప్పుదాం."

"ఉత్తుత్తి దీపం పడినవాళ్ల సంగతేంటండీ?"

"ఇప్పుడు అందరికీ ఏమవుతోందో వాళ్లకీ అదే అవుతుంది. కొత్తగా పోయేదేం లేదు. ఇంకో మాట, రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉండాలి. చెంపకి వెచ్చదనం కూడా ఒక్కలాగే తగలాలి. మా పేషెంట్లకి పొద్దు పోదు. నీ దీపం వేడిగా ఉందా, నాది చల్లగా ఉందేంటి అని గోడలవతల నుంచి కూడా ఆరా తీస్తారు."

నిజం దీపాలు దీపాలాయన రెండు రోజుల్లో కట్టేశాడు. అవి ట్రేల మీది దీపాలే, అరచెయ్యంత సైజుకి కుదించాడంతే. ఉత్తుత్తి దీపం దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. పైకి ఎర్రగా కనిపించడానికి నాలుగైదు మందకొడి ఎల్ఈడీలు చాలు. వెచ్చదనం ఎక్కణ్నుంచి తేవాలి? మూడు రోజులు కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగి, ఆఖరికి ఒక సొరుగులో చెయ్యి పెట్టాడు.

మట్టి అడుగున వేర్లెలా పాకుతున్నాయో ఫొటో తీయడానికి ఆ గదిలో ఒక కెమెరా ఉండేది. వేర్లకి వెలుగు తగలకూడదు, వెలుగు లేకుండా ఫొటో రాదు. అందుకని మనిషి కంటికి కనపడని వెలుగునిచ్చే ఎల్ఈడీలు తెప్పించారు. అవి ఒక డబ్బాడు మిగిలిపోయి సొరుగులో పడున్నాయి. కనపడవు, పైగా వెచ్చగా ఉంటాయి. దీపాలాయన వాటిని ఉత్తుత్తి దీపాల్లో కుక్కి, ఆకు మీటరు ముందు పెట్టాడు. అంకె సున్నా దగ్గర కాస్త కదిలి అక్కడే ఆగిపోయింది. దీపం చెంపకి ఆనించుకుని చూశాడు, హాయిగా ఉంది. తన తెలివికి తానే మురిసిపోయి, అడుగున నంబర్ల స్టిక్కర్లు అతికించి, జాబితా కవర్లో పెట్టి సీలు వేసిచ్చాడు.

పప్పులో కాలేశానని ఆయనకి తెలియడానికి పదహారు నెలలు పట్టింది.

పదమూడో నెలలో ఆ వార్డుకి వాళ్లక్క వచ్చింది. రోగిగానే వచ్చింది. అక్క రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివే మనిషి. ముప్ఫై ఏళ్లుగా ఊరు ఊరంతా ఆమె గొంతు విని పరుగులు పెట్టింది, ఆమె మొహం మాత్రం ఎవరూ ఎరగరు. ఇంట్లో కూడా మాట్లాడ్డం తక్కువ, ప్రకటించడం ఎక్కువ. బావగారు నోట్లో నాలుక లేని మనిషి కావడం ఆ కాపురానికి కలిసొచ్చింది. తల్లి పోయేనాటికి దీపాలాయనకి తొమ్మిదేళ్లు, అక్కకి పదహారు. ఆ తర్వాత ఆయనకి అన్నం పెట్టిందీ, లెక్కలు చెప్పిందీ, అబద్ధం ఆడినరోజు వీపు విమానం మోత మోగించిందీ ఆమే. అందువల్ల ఈయన మొహం ఆమె దగ్గర ఒక్క నిమిషం కూడా దాచుకోలేడు.

అక్కకి మార్పిడి రెండు విడతలుగా చేయాలన్నారు, నాలుగు నెలల తేడాతో. ఆమె కూడా దీపం పరీక్షలో చేరతానంది. డాక్టరమ్మ ఆసుపత్రి కమిటీని అడిగి, ఒప్పించి, దీపాలాయనకి మాత్రం గట్టిగా చెప్పింది. "చీటీ హెడ్ నర్సు తీస్తుంది. మీరు ఆ ఛాయలకి కూడా రావద్దు. ఏది పడినా మీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు."

దీపాలాయన వారానికోసారి వార్డుకి వచ్చి, ప్రతి దీపాన్నీ మీటరుతో కొలిచి, రిజిస్టర్లో 'సరిగా ఉంది' అని రాసి వెళ్లేవాడు. అలా వచ్చినరోజు అక్క మంచం పక్కన తొమ్మిదో నంబరు దీపం కనపడింది. తొమ్మిది ఉత్తుత్తిది.

"ప్రయాణికులకు గమనిక" అంది అక్క మంచం మీంచే. "పది గంటలకు రావలసిన తమ్ముడు నలభై నిమిషములు ఆలస్యముగా, మొహము వేలాడవేసుకుని, మూడవ నంబరు గదిలోనికి ప్రవేశించుచున్నాడు. ఏంట్రా, అలా ఉన్నావు?"

"ఏం లేదక్కా. బస్సు దొరకలేదు."

"నీ దీపం బాగుందిరా. వెచ్చగా భలే ఉంది."

ఆయన దీపం కొలిచాడు, రాసుకున్నాడు, నీళ్లు నములుతూ బయటపడ్డాడు. ఇక ఎనిమిదో రోజు కోసం ఎదురుచూశాడు. ఎనిమిదో రోజున అక్క నోట్లో ఏమీ లేదు. పదో రోజున నాలుక పక్కన ఒక తెల్ల మచ్చ వచ్చి, రెండు రోజులుండి పోయింది. అక్క మూడు పూటలా తిని, ఆ వార్డులో ఎవరి ఇంట్లో ఏముందో నర్సులందరి చేతా చెప్పించుకుని, పద్దెనిమిదో రోజున లేచి ఇంటికెళ్లింది. వెళ్తూ వెళ్తూ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, "రెండోసారి కూడా నాకీ తొమ్మిదో నంబరే కావాలి, ఎవరికీ ఇవ్వకండి" అంది.

దీపాలాయన దీన్ని అదృష్టం అనుకున్నాడు. అదృష్టం అనుకోవడంలో ఒక సుఖముంది. ఆ తర్వాత ఇక ఏమీ ఆలోచించక్కర్లేదు.

రెండు నెలల తర్వాత నలభయ్యో రోగి కూడా ఇంటికెళ్లాక, డాక్టరమ్మ గదిలో కవరు విప్పారు. డాక్టరమ్మ, హెడ్ నర్సు, దీపాలాయన, అంతే. డాక్టరమ్మ రెండు వరసల్లో మార్కులు వేసుకుంటూ పోయింది. ఎవరికెన్ని పుండ్లు, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు నొప్పి మందు. అంతా అయ్యాక పెన్ను టేబుల్ మీద పెట్టింది.

"తేడా లేదండీ. నిజం దీపం పెట్టినవాళ్లకి ఎంతో, ఉత్తుత్తి దీపం పెట్టినవాళ్లకీ అంతే. దీపం వల్ల ఒరిగిందేం లేదు."

"అదేంటండీ" అంది హెడ్ నర్సు. "నేనీ వార్డులో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. అన్నం పళ్లేలు ఖాళీగా వంటింటికి తిరిగెళ్లడం ఈ ఏడాదే చూశాను. అందరూ తిన్నారండీ."

"ఈ ఏడాది పుక్కిలించే మందు కూడా మార్చాం కదా. మొత్తానికే తగ్గితే దానివల్ల తగ్గుండొచ్చు. నేను పోల్చాల్సింది ఈ రెండు వరసల్నే. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. వెలుగు పనిచేయదని రాసి ఎల్లుండి వైద్య పత్రికకి పంపించేస్తాను." తర్వాత దీపాలాయన వైపు తిరిగి, కాస్త మెత్తబడింది. "ఈ దీపాలు ఇక తీసుకెళ్లిపోండి. మీ అక్క తొమ్మిదో నంబరు అడిగింది కదా. ఉంచుకోనివ్వండి. మనసుకి ధైర్యంగా ఉంటుందంటే నాకేం అభ్యంతరం లేదు, హాని చేసేది కాదు కదా."

బయట వరండాలో బెంచీ మీద ఒకాయన ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. తాళాలు బాగుచేసే మేస్త్రీ. వేళ్లకి గోళ్ల చుట్టూ ఇనుప మరకలు. రెండు నెలల్లో ఆయనకీ మార్పిడి ఉంది. హెడ్ నర్సుని చూడగానే లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నోటికి దీపం పెడతారట కదా. మా అమ్మాయి ఎక్కడో చదివింది. నన్ను కూడా అందులో రాసుకుంటారేమో అని."

"అది ఆపేశారండీ. పనిచేయడం లేదట."

"ఓహో" అన్నాడు మేస్త్రీ. "సరేలెండి."

ఆయన కూర్చున్నాడు. దీపాలాయన అట్టపెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగాడు.

మొక్కల గదికొచ్చి, అక్కకిచ్చే ముందు తొమ్మిదో నంబరుని ఒకసారి తుడిచి పరీక్షించాలని ప్లగ్గులో పెట్టాడు. ఆ పూట ఎవరో వేర్ల కెమెరా మూత తీసి, ఆపకుండా వదిలేశారు. దీపం వెలగ్గానే, గది అవతలి గోడనున్న కెమెరా స్క్రీను మొత్తం తెల్లగా మండిపోయింది. దీపాలాయన ఆపాడు. స్క్రీను చీకటైంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ తెల్లబడింది. నిజం దీపం ఒకటి తీసి పెట్టి చూస్తే స్క్రీను ఇంత మండలేదు.

ఇందులో ఆయనకి తెలియనిదేం లేదు. ఆ ఎల్ఈడీలు కెమెరా కోసమే తెప్పించారు, కెమెరాకి కనపడకపోతే ఆశ్చర్యం. అయినా ఆయన చెయ్యి చాపి దీపానికీ కెమెరాకీ మధ్య పెట్టాడు. స్క్రీను మీద చెయ్యి నల్లగా అడ్డం రావాలి కదా. రాలేదు. చెయ్యి లోపలినుంచే వెలుగుతోంది. అరచేతి మాంసం తెల్లగా, అందులో నరాలు సన్నగా నల్లగా కనపడుతున్నాయి. వెలుగు చెయ్యి దాటి ఇవతలికొస్తోంది.

దీపాలాయన స్టూలు మీద కూలబడ్డాడు. జేబులోంచి ఆకు మీటరు తీసి దీపం ముందు పెట్టాడు. సున్నా. దాని మీద ఆయనకి కోపం రాలేదు. అది చెప్పాల్సింది అది చెప్పింది. ఆకుకి ఇందులో తినడానికేం లేదంది. చెంపకి ఉందా లేదా అని దాన్ని ఎవరూ అడగలేదు. అడగాల్సినవాడు తను. ఉత్తుత్తి దీపం అనుకుని తను ఇరవై మందికి ఇంకో రకం నిజం దీపం కట్టిచ్చాడు. అందుకే అందరూ తిన్నారు. అందుకే అక్క తింది. అందుకే తేడా లేదు.

ఇది డాక్టరమ్మకి చెప్తే ఏమవుతుందో కూడా ఆయనకి ఆ స్టూలు మీదే అర్థమైంది. నలభై మంది లెక్కా గంగపాలవుతుంది. పరీక్ష మళ్లీ మొదలవుతుంది. దీపాలన్నీ బీరువాలోకి పోతాయి, తొమ్మిదో నంబరుతో సహా. ఈసారి ఉత్తుత్తిది నిజంగానే ఉత్తుత్తిదిగా చేయాలి. అక్క మళ్లీ చీటీలోకి వెళ్తుంది. చెప్పకపోతే ఏమీ కాదు. దీపం అక్కదే, డాక్టరమ్మే ఇచ్చింది, అడ్డుచెప్పేవాళ్లెవరూ లేరు. కాకపోతే ఎల్లుండి 'వెలుగు పనిచేయదు' అని ఒక కాగితం వెళ్తుంది. అది చదివి ఇంకెక్కడా ఎవరూ ఈ దీపం జోలికి పోరు.

అక్కకి పుండ్లు పడకూడదని ఆయన మనసారా కోరుకున్నాడు. తాళాల మేస్త్రీ అన్న 'సరేలెండి' మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. గంట కూర్చుని, లేచి, తొమ్మిదో నంబరుని సంచీలో వేసుకుని మళ్లీ ఆసుపత్రికెళ్లాడు.

డాక్టరమ్మ చివరిదాకా అడ్డు తగలకుండా వింది.

"చేసినప్పుడు కొలిచి చూశారా?" అంది.

"చూశానండీ. సున్నా వచ్చింది."

"ఏ మీటరు?"

"ఆకు మీటరు."

"నా పేషెంట్లు ఆకులా అండీ?"

దీపాలాయన తల దించుకున్నాడు. ఇరవై రెండేళ్లలో తన పని గురించి తల దించుకోవడం అదే మొదలు, అది ఆయనకి చాలా బాధగా ఉంది. డాక్టరమ్మ కిటికీ దగ్గరికెళ్లి నిలబడింది. కింద అంబులెన్సులు కడుగుతున్నారు. రెండు కడిగేదాకా చూసింది.

"ఇరవై మందికి అదృష్టవశాత్తూ మేలే చేశారు" అంది చివరికి. "అయినా అది కూడా నేనిప్పుడు రాయలేను. మందు వల్లో, ఎరుపు వల్లో, మీ కనపడని వెలుగు వల్లో ఎలా తేల్చాలి? మళ్లీ మొదలుపెట్టాలి. ఆ తొమ్మిదో నంబరు ఇటివ్వండి."

ఆయన సంచీలోంచి తీసిచ్చాడు.

"మీ అక్కకేం చెప్తారు?"

"జరిగింది చెప్తానండీ. అది పాత లెక్క కదా, చెప్పొచ్చు కదా."

"చెప్పొచ్చు" అంది ఆమె.

అక్క ఇంట్లో బావగారు ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు. అక్క సోఫాలో కాళ్లు చాపుకుని, తలకి రుమాలు కట్టుకుని ఉంది. అంతా విన్నాక, బావగారి చేతిలో తువ్వాలు సగం మడతలోనే ఆగిపోయింది.

"ఎవరడిగార్రా నిన్ను?" అంది అక్క.

"ఎవరూ అడగలేదు."

"అడక్కుండానే వెళ్లి చెప్పొచ్చావా? నా మంచం పక్కన ఉత్తుత్తి దీపం పెట్టారని తెలిసి పద్దెనిమిది రోజులు కిక్కురుమనకుండా ఉన్నావే. నోరు మూసుకోవడం నీకు బాగా వచ్చు కదా. ఇంకో రెండు నెలలు మూసుకుంటే ఏం పోయింది?"

"తాళాల మేస్త్రీ అని ఒకాయన ఉన్నాడక్కా..."

"నా నోటికంటే వాడి నోరు ఎక్కువైందా నీకు?"

"ఎక్కువ కాదక్కా" అన్నాడు దీపాలాయన.

అక్క లేచి లోపలి గదిలోకెళ్లి తలుపేసుకుంది. ఒక్క ప్రకటన కూడా చేయలేదు. బావగారు తువ్వాలు మడత పూర్తిచేసి, ఇంకోటి తీసుకుని, దాన్నీ మడిచి, "మంచినీళ్లు తాగుతావా" అన్నాడు. దీపాలాయన తాగి వచ్చేశాడు.

కొత్త దీపాలు కట్టడానికి నెలన్నర పట్టింది. ఈసారి ఉత్తుత్తి దీపంలో వెచ్చదనానికి సన్నని తీగచుట్ట పెట్టాడు, ఇస్త్రీపెట్టెలో ఉండే బాపతుది. డాక్టరమ్మ ఎక్కణ్నుంచో ఇంకో మీటరు తెప్పించింది. అది ఏ వెలుగునైనా కొలుస్తుంది, కనపడినా కనపడకపోయినా. దీపాలాయన ప్రతి దీపాన్నీ నాలుగుసార్లు కొలిచాడు, వేర్ల కెమెరా ముందు కూడా పెట్టి చూశాడు. ఉత్తుత్తి దీపం ముందు చెయ్యి పెడితే స్క్రీను మీద నల్లగా మొండిగా చెయ్యే కనపడింది. కొత్త నంబర్లు, కొత్త కవరు, కొత్త సీలు.

రెండో విడతకి అక్క మళ్లీ సంతకం చేసింది. సగం అవకాశమైనా ఉంది కదా అని బావగారితో అందట. తమ్ముడితో మాత్రం మాట్లాడలేదు.

వారం తిరిగి ఆయన వార్డుకి వెళ్లేసరికి, తాళాల మేస్త్రీ రెండో గదిలో ఉన్నాడు, ఆరో నంబరు దీపంతో. అక్క మూడో గదిలో ఉంది, పదిహేనో నంబరు దీపంతో. ఆరు నిజంది. పదిహేను ఉత్తుత్తిది.

ఆ పూట దీపాలన్నీ తుడవడానికని నర్సుల గదిలో బల్ల మీద పెట్టారు. నర్సులు ఫోను దగ్గరున్నారు. ఆరు, పదిహేను పక్కపక్కనే ఉన్నాయి. స్టిక్కర్లు ఊడదీసి మార్చడం పది క్షణాల పని, పైగా ఆ స్టిక్కర్లు అతికించింది ఆయనే. పదిహేనో నంబరు స్టిక్కరు అంచు ఆయన గోటితో లేపాడు. మూల కొంచెం పైకొచ్చింది. ఆ మూలని కాసేపు చూసి, బొటనవేలితో మళ్లీ అదిమాడు. అది సరిగా అంటుకోలేదు, రెండోసారి అదమాల్సొచ్చింది.

తొమ్మిదో రోజుకి అక్క నోరు పోయింది. పెదవుల నుంచి గొంతు దాకా తెల్లగా పుండ్లు. పన్నెండో రోజున కొలతకని ఆయన వెళ్లినప్పుడు, అక్క మంచం మీద వెనక్కి ఆనుకుని, గడ్డం కింద గిన్నె పట్టుకుని కూర్చుంది. ఒళ్లో చిన్న పలక, పెన్సిలు. ముప్ఫై ఏళ్లు ఊరంతటికీ వినపడిన మనిషి ఇప్పుడు నీళ్లు కావాలన్నా రాయాలి. ఏడవకూడదని దీపాలాయన బస్సులోనే నిశ్చయించుకుని వచ్చాడు, ఆ నిశ్చయాన్ని గుమ్మంలో మళ్లీ ఒకసారి చేసుకున్నాడు. హెడ్ నర్సు రిజిస్టరు పట్టుకుని పక్కనే నిలబడింది.

తలుపుకున్న అద్దంలోంచి వరండా కనపడుతోంది. రెండో గది ముందు చక్రాల బల్ల మీద పళ్లెం ఉంది. ఖాళీ పళ్లెం, అంచులు కూడా రొట్టెముక్కతో తుడుచుకుని తిన్న పళ్లెం. లోపలినుంచి మేస్త్రీ ఎవరితోనో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. అక్క ఆ పళ్లేన్ని చూసింది. తర్వాత తమ్ముణ్ని చూసింది.

ఆయన తల వంచుకుని మీటరు తీశాడు. కొత్త మీటరు. దీపం ముందు పెట్టాడు. ఎంత రావాలో అంతే వచ్చింది, అంటే దాదాపు ఏమీ రాలేదు. ఇంకోసారి పెట్టాడు. అంతే వచ్చింది.

పలక మీద పెన్సిలు గీకుతున్న చప్పుడైంది. అక్క పలక తిప్పి చూపించింది.

'ఈసారి మీటరు మంచిదేనా?'

దీపాలాయన ఏ మాటా అనకూడదు. అనలేదు. తల మాత్రం ఊపాడు, మీటరు గురించే కదా అడిగింది. ఊపుతూ అక్క మొహంలోకి చూశాడు. చూడకుండా ఉండాల్సింది. తొమ్మిదేళ్ల వయసు నుంచి ఆ మొహం ముందు దాచుకోలేనివాడు, ఇప్పుడు ఎక్కణ్నుంచి దాస్తాడు? అక్క కళ్లు ఆయన మొహం మీద ఒక్క క్షణం ఆగాయి. ఆమెకి తెలిసిపోయింది. హెడ్ నర్సు గోడ మీది క్యాలెండరు కేసి చూస్తోంది.

అక్క గిన్నె పక్కన పెట్టి, పలక మీదిది అరచేత్తో తుడిచేసి, మళ్లీ రాసింది. ఈసారి పెద్ద అక్షరాలు, స్టేషన్ బోర్డు మీదిలా.

'అయితే రాసుకో.'

దీపాలాయన రిజిస్టరు తీసుకున్నాడు. తారీఖు వేశాడు. పదిహేనో నంబరుకి ఎదురుగా 'సరిగా ఉంది' అని రాసి, కింద సంతకం పెట్టాడు.